బళ్ళు తిరగని దారి

చిరంజీవి మా చిన్నారికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. నా మోకాళ్ళు రెండూ క్షేమం. పక్కింటి టీచరమ్మ క్షేమం, ఆవిడ నడుము మాత్రం ఎప్పటిలాగే. అక్కడ నువ్వూ, నీ రెండు కిటికీల కొత్త గదీ క్షేమమని తలుస్తాను.

మొన్న సాయంత్రం సైకిలు యాత్ర నుంచి ఇల్లు చేరాను. తలుపు తీసేసరికి నీ ఉత్తరం గుమ్మం లోపల పడి ఉంది. బూట్లు విప్పకుండానే నిలబడి చదివాను. అందులో మొత్తం అయిదు ప్రశ్నలున్నాయి. పరీక్ష పేపరులా నంబర్లు వేయలేదు గానీ, నీ అక్షరాల ఒత్తు చూస్తేనే తెలుస్తోంది, జవాబులు రాబట్టేదాకా వదిలే రకానివి కావని. ఒక్కొక్కటే చెబుతాను. ఒకదానికి మాత్రం కాస్త ఆగాలి, తొందరపెట్టకు.

ముందు మోకాళ్ళ సంగతి. రోజుకు ముప్పై కిలోమీటర్ల చొప్పున ఆరు రోజులు తొక్కాను. మొదటి రోజు సాయంత్రం బస చేసిన ఇంట్లో మెట్లు దిగలేక, నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి దిగాను. మూడో రోజుకి నొప్పి మోకాళ్ళని వదిలేసి కూర్చునే చోటికి చేరింది. దానికి మందు లేదట, అలవాటే మందట. ఇప్పుడు రెండు చోట్లా తగ్గింది. దుకాణంలో ఎత్తుపీట మీద కూర్చుని కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీయడానికి ఇబ్బందేమీ లేదు. నిన్న పధ్నాలుగు జతలు పూర్తి చేశాను. "సెలవు ఇస్తే చేతులు మొద్దుబారతాయనుకున్నాను, మీవి పదునెక్కాయే" అన్నాడు యజమాని.

రెండోది, మాత్రలు. అయిదు రోజులు వేసుకున్నాను, ఒకరోజు మర్చిపోయాను. ఎందుకు మర్చిపోయానో ఆ చోటికి వచ్చినప్పుడు చెబుతాను.

మూడోది. "నిజంగా ఒక్క బండి కూడా తిరగదా, లేకపోతే నన్ను ఊరుకోబెట్టడానికి అలా రాశావా?" అని అడిగావు. ఒట్టు, తిరగదు. ఒకప్పుడు ఆ కొండల్లోంచి సున్నపురాయి మోసుకొచ్చే చిన్న రైలు ఉండేదట. గనులు మూసేశాక పట్టాలు పీకేసి, సన్న కంకర పరిచి, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశారు. రెండు చివరలా ఇనుప స్తంభాలు పాతారు. వాటి సందులోంచి సైకిలు దూరుతుంది గానీ స్కూటరు దూరదు. రైలు కోసం వేసిన దారి కాబట్టి ఎక్కుడు కూడా ఎక్కుడులా కనపడదు. కళ్ళకి చదునుగానే ఉంటుంది, కాళ్ళకే తెలుస్తుంది.

మీ నాన్న పోయిన దగ్గర్నుంచి రోడ్డంటే నాకెలా ఉంటుందో నీకు తెలుసు. లారీవాడిది తప్పా, మీ నాన్నది తప్పా అని అందరూ తేల్చుకునేలోపు నేను రోడ్డుదే తప్పని తేల్చేసుకున్నాను. ఇప్పటికీ దుకాణం ఎదురుగా రోడ్డు దాటాలంటే, ఎవరో ఒకరు కదిలేదాకా నిలబడి వాళ్ళ వెనక నక్కి దాటుతాను. అలాంటిదాన్ని ఆరు రోజులపాటు వెనక్కి తిరిగి చూడకుండా సైకిలు తొక్కాను. మొదటి గంట చెవుల్లో ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటా అని చూసుకుంటే హారన్ లేదు.

ఆ కొండలు నువ్వు చూడాల్సినవి. మెత్తగా పచ్చగా ఉండే కొండలు కావు. తెల్లగా, బూడిదరంగుగా, పళ్ళు విరిగిన దువ్వెనల్లా నిలబడి ఉంటాయి. వాన నీళ్ళు వేల ఏళ్ళు నాకి నాకి రాతిని కత్తిలా చేశాయట. సానపట్టకముందు మా అద్దం అంచు ఎలా ఉంటుందో అలా ఉంటుంది, చెయ్యి ఆనిస్తే గీసుకుపోతుంది. ఎంత వాన పడినా అక్కడ ఒక్క గుంటలో నీళ్ళు నిలవవు. పడ్డవి పడ్డట్టే రాతి చిల్లుల్లోంచి లోపలికి జారిపోతాయి. మూడో రోజు మాతోపాటు పక్కనే పారుతున్న ఏరు ఒక కొండ అడుగున బిలంలోకి దూరి మాయమైంది. ఆరు కిలోమీటర్ల అవతల, ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయటికొచ్చింది.

నాలుగో ప్రశ్న, గుంపులో ఎవరెవరని. మమ్మల్ని నడిపించే ఆవిడ మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే దిగాలి, మూడుసార్లు ఊదితే టీ. నాకు మూడోదే బాగా గుర్తుండేది. ఆవిడకి ఈలమ్మ అని పేరు పెట్టాను. తర్వాత రొట్టెలాయన. ముప్పై ఏళ్ళు తెల్లవారకముందే లేచి పిండి పిసికిన మనిషి, చేతులు రోకళ్ళలా ఉంటాయి. నోరు మాత్రం చేతులకంటే గట్టిది, ఒక్క క్షణం ఆగదు. ఆయనకు అడ్డుకట్టగా ఆయన భార్య. ఏరు బిలంలోకి దూరిన చోట ఆయన, "పెళ్ళాం కేకేస్తే పెరటి దారిన జారుకున్నట్టు జారుకుంది చూడండి" అన్నాడు. ఆవిడ సైకిలు దిగకుండానే, "ఆ ఏరు పనయ్యాక మళ్ళీ కనపడుతుంది, మీరు అదీ లేదు" అంది. నవ్వలేక చచ్చాను.

ఇక అయిదో ప్రశ్న.

రెండో రోజు నేను పోస్టు చేసిన కార్డులో గుంపు మొత్తం అయిదుగురమని రాశాను. దానితో పెట్టిన ఫోటోలో నలుగురమే ఉన్నాం. ఈలమ్మ దగ్గర అప్పటికప్పుడు ఫోటో బయటికొచ్చే కెమెరా ఉంది, దానితో తీసిన ఫోటో. "ఆ తీసిన అయిదో మనిషి ఎవరమ్మా?" అని అడిగావు. పొద్దస్తమానం జనం ఎముకలకి ఎక్స్-రేలు తీసేదానివి, నీ దగ్గర ఏం దాగుతుంది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

ఫోటో తీసింది అతనే. మూడేళ్ళ కిందటి దాకా నీ భర్త, నా అల్లుడు.

ఉత్తరం ఇక్కడ మడిచి అవతల పారేయాలనిపిస్తుంది. ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి వచ్చి మిగతాది చదువు. మీ ఇద్దరినీ మళ్ళీ కలపడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. అలాంటి ఊసు ఇందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

అతను తనంతట తాను రాలేదు. నేనే పిలిచాను. అరవై దాటినవాళ్ళు తోడు లేకుండా రాకూడదని ఆ యాత్రవాళ్ళ నిబంధన. టీచరమ్మని అడిగితే, "నా నడుముకి మంచం మీద పక్కకి తిరగడమే యాత్ర" అంది. నీకు కొత్త ఉద్యోగం, సెలవు దొరకదు. పేరు కొట్టేయించుకుందామని ఫోను తీసినదాన్ని, వాళ్ళకి చేయకుండా అతనికి చేశాను. నంబరు తీసేయమన్నావు, ఇక మాట్లాడనని మాటిచ్చి నీ ఎదురుగానే తీసేశాను. వేళ్ళు మాత్రం మర్చిపోలేదు. ఆ సంగతి నీకు చెప్పలేదు.

"ఎవరండీ?" అన్నాడు.

"నేను బాబూ" అన్నాను. నేనంటే ఎవరో చెప్పడానికి మాట దొరకలేదు. నీ అత్తగారినని అనకూడదు కదా. అల్లుడరికం పోయాక మిగిలిన మనిషిని ఏమని పిలవాలో మనకి ఎవరూ నేర్పలేదు.

"అత్తయ్యా! కుళాయి ఏమైనా కారుతోందా?" అన్నాడు.

సంగతి చెప్పాను. "ఏ తారీఖు?" అన్నాడు. అంతే. ఎందుకు, ఏమిటి, నీకు చెప్పానా లేదా, ఏమీ అడగలేదు. చెప్పిన రోజుకి, చెప్పిన చోటికి వచ్చి, ముందు రెండు సైకిళ్ళకీ నూనె వేశాడు. పంపుల మరమ్మతు పనికి వారం రోజులు సెలవు పెట్టాడట.

ఎందుకు పిలిచానంటే, సైకిలు నేర్పింది అతనే కదా. మీ నాన్న పోయిన మరుసటి ఏడు నేను గడప దాటడం మానేస్తే, ఆదివారం ఆదివారం మూతపడ్డ నూలు మిల్లు ఆవరణలోకి తీసుకెళ్ళేవాడు. సీటు వెనక పట్టుకుని పరిగెత్తుతూ, యాభై ఆరేళ్ళదాన్ని సైకిలెక్కించాడు. "ముందుకి చూడండి అత్తయ్యా, చక్రం వంక చూస్తే చక్రం మీదే పడతారు" అనేవాడు. నువ్వు గేటు దగ్గర నిలబడి నవ్వేదానివి. ఆ రోజుల్లో ఇంకా నవ్వేదానివి.

మొదటి మూడు రోజులు అతను ఆ పాత మనిషే. నా వెనక పది గజాల్లో వచ్చేవాడు. ఎక్కుడు రాబోతోందంటే గేరు మార్చమని ముందే చెప్పేవాడు. పాత రైలు వంతెనల కింద రివెట్లు చూపించి, ఇవి చేత్తో కొట్టినవి, ఇవి యంత్రంతో కొట్టినవి అని విడమర్చేవాడు. నీ గురించి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. హాయిగా ఉంది. ఆ హాయి దాచకూడదని రాస్తున్నాను.

నాలుగో రోజు పొద్దున్న ఒక పొడుగాటి వంతెన దాటాక నా సైకిలు చైను ఊడింది. అతను వెనక ఊట దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టడానికి ఆగాడు. రొట్టెలాయన దిగి, "ఇదెంత పని, పిండిలో వెంట్రుక తీసినంత" అంటూ రెండు నిమిషాల్లో ఎక్కించేశాడు. ఈలోపు అతను వచ్చాడు. గ్రీజుతో నల్లబడ్డ రొట్టెలాయన చేతులు చూశాడు, చైను చూశాడు.

"చైను ఊడింది బాబూ, ఈయన వేసిపెట్టారు" అన్నాను.

తల ఊపాడు. అక్కడితో మాట ఆగిపోయింది.

ముందు నాకు తెలియలేదు. ఎక్కుడు వచ్చింది, గేరు మార్చమని వెనక నుంచి వినపడలేదు. వంతెన వచ్చింది, రివెట్ల ఊసు లేదు. టీ దగ్గర నా కప్పు తెచ్చి చేతికిచ్చాడు, ముఖం వంక చూడలేదు. "ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?" అంటే "ఏం లేదు" అన్నాడు. "కోపం వచ్చిందా?" అంటే తల అడ్డంగా ఊపాడు. నా సీసా నింపాడు. బ్రేకు బిగించాడు. మధ్యాహ్నం ఎండగా ఉంటే నా చొక్కా సంచిలోంచి తీసి భుజాల మీద కప్పాడు. అన్నీ చేశాడు, నోరు తప్ప. రొట్టెలాయన భార్య నా పక్కకి వచ్చి, "మీ అబ్బాయికి ఎంత ఓపికండీ! మా ఆయనకి నోరొక్కటే పనిచేస్తుంది" అంది. అబ్బాయి కాదని కూడా చెప్పలేకపోయాను.

ఊళ్ళో అయితే నాకు తెలిసేది కాదేమో. రోడ్డు మీద బళ్ళ రొద, దుకాణంలో సాన రొద, ఇంట్లో రేడియో. ఒక మనిషి మాట్లాడకపోయినా ఆ సందుల్లోకి ఏదో ఒక చప్పుడు వచ్చి కూర్చుంటుంది. అక్కడ వచ్చి కూర్చోవడానికి ఏమీ లేదు. నా టైర్ల కింద కంకర కరకర, వెనక పది గజాల్లో అతని టైర్ల కింద కరకర. నేను ఆగితే అదీ ఆగుతుంది. నేను కదిలితే అదీ కదులుతుంది. మధ్యాహ్నం దాకా నేనేం తప్పు చేశానా అని వెతుక్కున్నాను. చైను వేస్తుంటే నవ్వడం తప్పా, 'వేసిపెట్టారు' అనడం తప్పా, అసలు అతన్ని పిలవడమే తప్పా? సాయంత్రానికి రొట్టెలాయనతో మాట్లాడటం మానేశాను, అతను చూస్తాడేమోనని. భోజనాల దగ్గర నా గుడ్డు తీసి అతని పళ్ళెంలో వేశాను. తిన్నాడు. ఆ ధ్యాసలోనే మాత్ర వేసుకోవడం మర్చిపోయాను.

అయిదో రోజు పొద్దున్నే అతని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. అరవై ఒక్క ఏళ్ళదాన్ని, "తప్పయిపోయింది బాబూ" అన్నాను. ఏం తప్పో నాకే తెలియదు. ఫర్వాలేదని కూడా అనలేదు. నా సైకిలు టైర్లు నొక్కి చూసి, గాలి కొట్టి, గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు తల్లీ.

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం నువ్వు వంటింట్లో నా పక్కన నిలబడ్డావు. అతను స్నానాల గదిలో కుళాయి విప్పుతున్నాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"పదకొండు రోజులైందమ్మా" అన్నావు.

"దేనికే?"

"ఆయన నాతో మాట్లాడి."

"ఏం, కొట్టాడా?"

"లేదు."

"తిట్టాడా?"

"తిట్టినా బాగుండేది."

"మరింకేమిటే? ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు. మీ నాన్న నోరు విప్పితే వీధి చివరికి వినపడేది, ముప్పై ఏళ్ళు నేను పడలేదా? మాట్లాడని మొగుడు దొరికాడని సంతోషించక! సర్దుకో."

నువ్వు నా వంక చూశావు. ఆ చూపు నేను ఉల్లిపాయల మీదకి తోసేశాను. అంతలో అతను పానా పట్టుకుని వచ్చి, "వాషరు మార్చానత్తయ్యా, ఇక కారదు" అన్నాడు. నాతో అన్నాడు. నువ్వు అతనికి మూరెడు దూరంలో ఉన్నావు, నీ వైపు తల కూడా తిప్పలేదు. అది నేను చూశాను. చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

నాకు ఒక్క రోజుకే ఊపిరాడలేదు. నువ్వు అప్పటికే మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నావు.

అయిదో రోజు మధ్యాహ్నం, కొండల మధ్య అన్నిటికంటే కరుకైన చోట, నా వెనక టైరు కోసుకుపోయింది. దారి పక్కనుంచి రాలిన సున్నపురాయి పెచ్చు, బ్లేడు లాంటిది. ఈలమ్మ, రొట్టెల దంపతులు ముందుకెళ్ళిపోయారు. చెట్టు లేదు, నీడ లేదు. అతను చక్రం విప్పి, ట్యూబు లాగి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచీ అంటించాడు. అన్నీ మాట లేకుండానే. పంపు నా సైకిలుకే తగిలించి ఉంది. అది నేను తీసి చేత్తో పట్టుకుని, ఒక బండ మీద కూర్చున్నాను.

చెయ్యి చాచాడు. ఇవ్వలేదు.

"పంపు ఇవ్వండి" అన్నాడు.

'ఏం లేదు' తప్ప, ఒకటిన్నర రోజులో విన్న మొదటి మాట. నిజం చెబుతున్నాను, ఆ రెండు ముక్కలకే నాకు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకే నా మీద నాకు ఒళ్ళు మండింది.

"ఇవ్వను" అన్నాను. "నిన్న పొద్దున్నించి ఎందుకు మాట్లాడటం లేదో చెప్పు, ఇస్తాను."

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే ఇదేమిటి?"

చక్రం ఊచలు ఒక్కొక్కటే తడుముతూ కూర్చున్నాడు. "చైను... నేను వచ్చేదాకా ఆగొచ్చు కదా అనిపించింది" అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

"ఆ మాట నిన్ననే అనొచ్చుగా?"

"అంటే మరీ చిన్న మాటగా ఉంటుంది కదా."

"అనకుండా దాచావు, చూడు ఎంత పెద్దదైందో" అన్నాను. ఆ తర్వాత, అడగకూడదనుకుంటూనే అడిగాను. "నా కూతురు కూడా ఇలాగే అడిగేదా?"

"అడిగేది."

"ఏం చెప్పేవాడివి?"

"ఏం లేదనేవాణ్ణి."

"ఎన్నాళ్ళు ఉండేవాడివి ఇలా? పదకొండు రోజుల సంగతి నాకు తెలుసు."

తలెత్తలేదు. "ఒకసారి నలభై రోజులు" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ ఆదివారం తర్వాత. మీ ఇంటికి వచ్చి మీతో చెప్పిందని."

పంపు నా చేతిలోంచి జారి కంకర మీద పడింది. అతను తీసుకోలేదు. నలభై రోజులు, చిన్నారీ. నువ్వు నాకు చెప్పలేదు. చెబితే నేనేమనేదాన్నో నీకు తెలుసు, నాకూ తెలుసు.

"నేను కొట్టలేదు, తిట్టలేదు అత్తయ్యా" అన్నాడు అతను.

"నేనూ దానితో అదే అన్నాను బాబూ. ఇద్దరం కలిసి దాన్ని ఒంటరిదాన్ని చేశాం" అన్నాను.

అప్పుడు పంపు అందుకుని గాలి కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగైదు సార్లు కొట్టి ఆపాడు. "తనకి చెప్పండి, నేను..." అన్నాడు.

"చెప్పను. నీ మాటలు మోసే పని నాది కాదు. అవి నీ నోటికి అప్పుడే రావాల్సినవి" అన్నాను. అందుకే అతను ఏం చెప్పమనబోయాడో నాకు తెలియదు, నీకూ రాయడం లేదు.

ఆరో రోజు అతను మాట్లాడాడు. నాతో, రొట్టెలాయనతో, ఈలమ్మతో కూడా. అలవాటు లేని కాలితో నడిచినట్టు మాట్లాడాడు. చెడ్డవాడని రాయను, అది అబద్ధమవుతుంది. కానీ అతను మంచివాడో కాదో నేను చూసిన చోటు వేరు, నువ్వు చూసిన చోటు వేరు. దారి చివర ఇనుప స్తంభాల దగ్గర, "కుళాయి కారితే ఫోను చేయండి అత్తయ్యా" అన్నాడు.

"కుళాయిలు బాగుచేసేవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఇక ఫోను చేయను బాబూ. నువ్వూ అత్తయ్యా అనకు" అన్నాను.

"మరేమనాలి?" అన్నాడు.

అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, నా సైకిలు నడిపించుకుంటూ వచ్చేశాను. ఏడవలేదు అంటే నమ్మవు గనక, కొంచెం ఏడ్చాను.

ఇప్పటిదాకా చెప్పింది నీకిచ్చిన మాట తప్పిన సంగతి. ఇంకొకటి ఉంది. అది నాకు కూడా ఆ బండ మీద కూర్చున్నప్పుడే పూర్తిగా తెలిసింది.

నిన్ను సర్దుకోమన్నది నీ కాపురం నిలబడాలని అనుకున్నాను. అందరికీ అలాగే చెప్పాను. కాదమ్మా. మీ నాన్న పోయాక నా ఇంటి తలుపు తట్టే మనిషి అతనొక్కడే. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నుంచీ గేటు చప్పుడు కోసం వినేదాన్ని. మీరు విడిపోతే నువ్వు నా కూతురివిగానే ఉంటావు, అతను మాత్రం రాడు. అది నాకు ఆ క్షణంలోనే, ఉల్లిపాయలు తరుగుతూనే తెలుసు. తెలిసే, "సర్దుకో" అన్నాను. ఆ తర్వాత నువ్వు ఇంకో ఏడాది అక్కడ ఉన్నావు. నీ ఏడాది ఖర్చుపెట్టి నా ఆదివారాలు నిలబెట్టుకున్నాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. క్షమించమని నిన్న పొద్దున్నించి నాలుగు కాగితాలు రాసి చించేశాను. అందుకే ఆ మాట వదిలేసి, జరిగింది జరిగినట్టు రాశాను.

వచ్చే నెల వచ్చి పదిహేను రోజులు ఉండమని నీ ఉత్తరం చివర్లో రాశావు. ఇది చదివాక ఆ పిలుపు అలాగే ఉంటుందో లేదో నువ్వే చెప్పు. ఉండకపోయినా తప్పు పట్టను. తిట్టాలనిపిస్తే తిట్టు, ఎన్ని పేజీలైనా సరే, ఒక్క ముక్క వదలకుండా చదువుతాను. ఇప్పుడు మాట్లాడాలని లేకపోతే, "మాట్లాడాలని లేదమ్మా" అని ఒక కార్డు మీద రాసి పడెయ్యి. అదీ మాటే, దానితోనే ఉంటాను, తొందరపెట్టను.

ఆ నలభై రోజుల సంగతి ఎప్పటికైనా చెప్పాలనిపిస్తే, మొదటి రోజు నుంచీ చెప్పు. ఈసారి మధ్యలో అడ్డు రాను.

ఇట్లు,
నాలుగేళ్ళు ఆలస్యంగా నీ మాట విన్న
మీ అమ్మ